ఎడమ చివరి కాడ

మేడ మీది గది
జూన్ 6

మరదలు పిల్లకి,

నువ్వు క్షేమమని నాకు తెలుసు. గోదాములో తూకం దగ్గర కూర్చునేవాళ్ళకి ఏ రోగమూ రాదు, ఎదుట బస్తాతో నిలబడ్డవాళ్ళకే గుండెదడ. మీ అన్నయ్య కూడా క్షేమమే. పగలంతా షాపులో పదిమంది తలలకి క్షవరం చేసి, సాయంత్రం ఇంటికొచ్చి నా తల తింటున్నారు.

ఇక అసలు సంగతి. మా వీధి చివర చేతిపనుల బడి ఉంది కదా, అందులో గడ్డి టోపీల తరగతి పెడుతున్నారు. నేర్పడానికి మనిషి కావాలని తలుపుకి కాగితం అంటించారు. ఇరవై రెండేళ్ళు టోపీల కార్ఖానాలో పనిచేసినదాన్ని, నాకంటే తెలిసినవాళ్ళెవరని ధీమాగా లోపలికి వెళ్ళాను. పెద్ద టీచరమ్మ పక్కన ఎవరున్నారనుకున్నావ్? కార్ఖానాలో మా పాత మేస్త్రి. టోపీలు పరీక్ష చేసే పని ఆయనకిచ్చారట. నన్ను చూడగానే నవ్వి, "రిబ్బన్లు కుట్టే చెయ్యి టోపీ ఎప్పుడు చేసిందమ్మా?" అన్నాడు, నలుగురిలో.

తిట్టినా ఊరుకునేదాన్ని. నిజం అన్నాడు, అందుకే మండింది. ఇరవై రెండేళ్ళలో నా చేతుల మీదుగా వేల టోపీలు వెళ్ళాయి. మిషను కుట్టిన టోపీకి రిబ్బను చుట్టి, నాలుగు కుట్లు వేసి, పక్కన పెట్టడమే నా పని. ఇది నేను చేసిన టోపీ అని చూపించడానికి ఒక్కటీ లేదు.

షరతు ఇది: గడ్డి కాడ నుంచి ఆఖరి కుట్టు దాకా ఒక్క మనిషే ఇంట్లో చేసిన టోపీ సెప్టెంబరు ఇరవైన తెచ్చి చూపాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదు. నచ్చితే ఉద్యోగం. నేను తెస్తానని చెప్పి వచ్చేశాను. చెప్పాక మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

అత్తయ్య టోపీల కోసం గడ్డితో జడ అల్లితే కొనేవాళ్ళు ఇంటికే వచ్చేవారని మీ అన్నయ్య ఎప్పుడూ చెబుతుంటారు. ఆ విద్య ఆవిడ దగ్గర నేర్చుకున్నది నువ్వొక్కదానివే. నాకు గడ్డి పంపు, అల్లిక రాసి పంపు. పంపకపోతే ఈసారి నువ్వొచ్చినప్పుడు మీ అన్నయ్య చేత నీకు గుండు కొట్టిస్తాను.

నీ వదిన

---

గోదాము వెనక ఇల్లు
జూన్ 17

వదినా,

గుండుకి భయపడి రాస్తున్నాననుకో.

నిజంగా చెప్తున్నా, నాకు ఆ పని అచ్చిరాలేదు. అమ్మ నేర్పింది, నేను మానేశాను, ముప్పై ఏళ్ళయింది. ఆ కథ ఇప్పుడెందుకులే. కానీ ఆ మేస్త్రి మాట చదివాక ఒళ్ళు మండి, నిన్న గోదాము నుంచి వస్తూ కోతకొచ్చిన పొలం వాళ్ళనడిగి ఒక కట్ట కోసుకొచ్చాను. ఇంకా పూర్తిగా పండని గోధుమ గడ్డి ఇది. బాగా పండితే పెళుసెక్కి విరుగుతుంది. వేరే పార్సిలులో పంపుతున్నాను. నేను కోశానని మేస్త్రికి చెప్పకు, పత్తి పండించినవాణ్ణి దర్జీ అనరు కదా.

కణుపుకీ కణుపుకీ మధ్య ముక్కే పనికొస్తుంది. కణుపులు కోసి పారెయ్. కాడలన్నీ ఒకే లావువి ఏరుకో. గంటసేపు నీళ్ళలో నానబెట్టి, తడిబట్టలో చుట్టి పక్కన పెట్టుకో.

అల్లిక రాయడం నా వల్ల కాలేదు వదినా. చెయ్యి చేస్తుంది గాని నోరు చెప్పదు. చివరికి కాడలు చేతిలో పెట్టుకుని, ఒక్కో మెలిక వేసి, కాడలు పళ్ళతో పట్టుకుని, అది రాసి, మళ్ళీ ఒక మెలిక వేశాను. కాగితం మీద తడి మరకలు ఉంటే అవి గడ్డి నీళ్ళు, నా కన్నీళ్ళు కావు.

ఏడు కాడలు తలలు కలిపి దారంతో కట్టు, బల్లకి మేకు కొట్టి తగిలించు. ఎప్పుడూ ఎడమ చివరి కాడనే తీసుకో. పక్కదాని మీదుగా, తర్వాతదాని కిందుగా, అలా దాటిస్తూ కుడి చివరకి చేర్చి, అక్కడ మడిచి వరసలో కలుపు. మళ్ళీ ఎడమ చివరిదే తియ్యి. కాడ అయిపోతుంటే కొత్తది దాని పక్కనే దూర్చు. అంతే.

అంతే అన్నానుగాని, మొదటి పది జానలూ పొయ్యిలోకే పోతాయి. దిగులు పడకు.

నీ మరదలు

---

మేడ మీది గది
జూలై 11

గురువుగారికి,

పది జానలన్నావు. ఇరవై ఆరు పోయాయి. తలప్రాణం తోకకొచ్చింది. కాడలు ఎక్కువ నానితే మెత్తబడి నలిగాయి, తక్కువ నానితే టపటపా విరిగాయి. మీ అన్నయ్య నా అల్లిక పైకెత్తి చూసి, "ఇది జడంటావా, చిక్కంటావా? చిక్కయితే నా దగ్గర దువ్వెనుంది" అన్నారు. ఆ సాయంత్రం ఆయనకి వంట లేదు.

ఎందుకో నా చెయ్యి మొదట ఒప్పుకోలేదు. ఎడమ వైపు నుంచి తీయాలంటే ప్రతిసారీ మోచెయ్యి అడ్డం వచ్చేది. వయసు మీద పడిందేమోనని భయం వేసింది. అయినా నువ్వు రాసిన కాగితం గోడకి అంటించి, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాను. అక్షరం తప్పలేదు. మూడో వారం వచ్చేసరికి మోచెయ్యి దారిలోకొచ్చింది. ఇప్పుడు నేను కిటికీలోంచి వీధి చూస్తూ అల్లుతున్నాను, చేతులు వాటంతట అవే పోతున్నాయి.

జానెడు ముక్క కోసి ఇందులో పెట్టాను. చూసి చెప్పు. మొహమాటం వద్దు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నాకు ముద్దుగానే ఉంది.

నీ వదిన

---

గోదాము వెనక ఇల్లు
జూలై 22

వదినా,

ముక్క అందింది. నాలుగు రోజులు నా దగ్గరే పెట్టుకుని చూశాను. గోదాముకి కూడా పట్టుకెళ్ళాను.

ఎంత బాగుంది! ఒక్కచోట కూడా కాడ ఉబ్బలేదు, కొత్త కాడ ఎక్కడ దూర్చావో వెతికినా కనిపించలేదు. అమ్మ చూస్తే ఏమనేదో గాని, నేను మాత్రం ఇంతకంటే మంచి జడ చూడలేదు. ఇది నిజం, మొహమాటం కాదు.

ఇరవై అయిదు గజాలు అల్లు. తర్వాత కుట్టు. జడ కొసని తడిపి గుండీలాగా గట్టిగా చుట్టు, అదే టోపీ నెత్తి. అక్కడి నుంచి చుట్టు మీద చుట్టు, పాత చుట్టు అంచు మీద కొత్త చుట్టు కొంచెం ఎక్కేలా కుట్టుకుంటూ పో. జడకి ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా ఉంటుంది చూడు. గరుకు పక్క లోపల దాగాలి. అది ఎటు తిప్పితే దాగుతుందో అటే తిప్పు. దారం బిగిస్తే టోపీ గిన్నెలా ముడుచుకుంటుంది, వదిలేస్తే అంచు అలలు పోతుంది. మధ్యస్తంగా ఉండాలి. మా వదినకి మధ్యస్తం అంటే ఏమిటో తెలీదు గాని, నేర్చుకుంటుందిలే.

నీ మరదలు

---

మేడ మీది గది
ఆగస్టు 19

మరదలా,

కుడుతున్నాను. నెత్తి భాగం రెండుసార్లు విప్పాను. మూడోసారి కుదిరింది. కొలతకి మీ అన్నయ్య తల వాడుకుంటున్నాను. కదలకుండా కూర్చోమంటే, "ఇన్నేళ్ళు పదిమందిని కదలొద్దన్న పాపం తగిలింది" అని మూలిగారు. ఆకారం నిలవడానికి ఒక గిన్నె బోర్లించి దాని మీద తడిగుడ్డతో సర్ది ఆరబెడుతున్నాను.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. గరుకు పక్క దాచాలంటే నేను టోపీని ఎడమకి తిప్పుతూ కుట్టాలి. కార్ఖానాలో నా చేతికొచ్చిన ప్రతి టోపీ కుడికి తిరిగి ఉండేది. ఇరవై రెండేళ్ళు చూశాను, మర్చిపోతానా? నాది వాటికి సరిగ్గా ఎదురు తిరుగుతోంది. తప్పు చేశానంటావా? తప్పయితే ఇప్పుడే చెప్పు, విప్పేస్తాను. ఇంకా నెల రోజులుంది. విప్పడానికి నాకు సిగ్గు లేదు.

నిన్న పెద్ద టీచరమ్మ దారిలో కనిపించి, "వస్తున్నారా?" అని అడిగింది. వస్తున్నానన్నాను. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.

వెంటనే రాయి.

నీ వదిన

---

గోదాము వెనక ఇల్లు
ఆగస్టు 26

వదినా,

చేతి టోపీలు అలాగే ఉంటాయి. మిషనుది మిషను దారి, చేతిది చేతి దారి. ఏమీ విప్పకు. గోదాములో పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు

---

మేడ మీది గది
సెప్టెంబరు 12

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం అయిదు ముక్కల్లో ముగిసింది. ఒంట్లో బాగుందా? తూకం వేసి రాస్తున్నావా ఏమిటి?

అయిపోయింది. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఆఖరి కుట్టు వేసి దారం తెంపాను. మీ అన్నయ్య కత్తెర ఇవ్వబోయారు. ఇంకో చెయ్యి పడకూడదు అని పళ్ళతో తెంపాను.

ఎలా ఉందో చెప్పనా? గడ్డి రంగు ఒకచోట తేనెలా, ఒకచోట లేత ఆకుపచ్చగా ఉంది. అంచు బల్ల మీద పెడితే చుట్టూ ఆనుతోంది, ఎక్కడా లేవడం లేదు. వేలితో తడితే గట్టిగా చప్పుడవుతుంది. లోపల ఎక్కడా ముడి తగలదు. రిబ్బను సంగతి చెప్పక్కర్లేదు, అది నిద్రలో కూడా కుడతాను. కానీ ఈసారి నా టోపీకి నా రిబ్బను. కుడుతుంటే చెయ్యి మెల్లగా నడిచింది, తొందరగా అయిపోకూడదని.

పొద్దున అది పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. తర్వాత అద్దం అవసరం లేదనిపించి వీధిలోకి వెళ్ళాను. కూరగాయలావిడ "ఎక్కడ కొన్నావు?" అంది. కొనలేదు అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి రెండు వీధులు తిరిగాను, ఏమనుకోకు. గర్వమే. గర్వం కాక మరేమిటి?

ఇరవయ్యో తారీకున పట్టుకెళ్తున్నాను. మేస్త్రి మొహం ఎలా ఉందో నీకే ముందు రాస్తాను.

నీ వదిన

---

గోదాము వెనక ఇల్లు
సెప్టెంబరు 15

వదినా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నాకు. "గర్వమే" అని నువ్వు రాసిన మాట చదివాక ఈ పూట అన్నం సయించలేదు.

నీ టోపీ ఎదురు తిరగడం నీ తప్పు కాదు, చేతి టోపీల పద్ధతీ కాదు. నేను అబద్ధం రాశాను. అందరూ కుడి చివరి కాడ తీసుకుని అల్లుతారు. నేను పుట్టుకతో ఎడమచేతి వాటం. అక్షరాలు కుడిచేత్తో రాసేలా నన్ను బళ్ళో మార్చారు, అందుకే నీకు తెలీదు. అల్లిక మాత్రం మారలేదు. నా చేతులు చేసింది చేసినట్టు నీకు రాసి పంపాను, తిరగేసి రాయాలన్న ఆలోచనే రాలేదు. జూలైలో నీ ముక్క చూడగానే తెలిసిపోయింది.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావు. విను. చిన్నప్పుడు నేను రోజూ అల్లేదాన్ని, అమ్మ రోజూ సాయంత్రం విప్పేది. ఎడమ జడ మిగతావాళ్ళ జడలతో కలవదు, అతుకు వెయ్యలేరు, కొనేవాళ్ళు తీసుకోరు. ఆవిడ కోపంలో అన్యాయమేమీ లేదు. ఒకరోజు విప్పే ఓపిక లేక నేను అల్లిన జడ చుట్ట మొత్తం పొయ్యిలో పెట్టింది. "ఈ చెయ్యి ఏ టోపీకీ పనికిరాదు" అంది. ఆ తర్వాత నేను గడ్డి ముట్టలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత నీ ముక్క నా చేతిలో పడింది. అది నా జడ, వదినా. నా చెయ్యి అల్లాల్సిన జడ, ఎవరూ విప్పకుండా ఎలా ఉండేదో అలా ఉంది. దాన్ని విప్పమని నీకెలా రాయను? నువ్వు సూటిగా అడిగావు. అప్పుడు కూడా నోరు రాలేదు.

మేస్త్రి చూడగానే పట్టేస్తాడు. నువ్వు కుడిచేతిదానివని అతనికి తెలుసు. ఇంకెవరో చేశారంటాడు. నా స్వార్థానికి నీ ఉద్యోగం పోతుంది. ఈ ఉత్తరం ఇరవైలోపు అందితే, వెళ్ళకముందే ఆయనకి నిజం చెప్పు. తిట్టాలనుంటే పూర్తిగా తిట్టు, సగం తిట్టి దాచుకోకు.

నీ మరదలు

---

మేడ మీది గది
సెప్టెంబరు 21

మరదలా,

నీ ఉత్తరం ఇరవయ్యో తారీకు సాయంత్రం అందింది. అప్పటికి అంతా అయిపోయింది. వరసగా చెప్తాను, మధ్యలో ఏడవకు.

టోపీలు పట్టుకుని అయిదుగురం వెళ్ళాం. నా టోపీ బల్ల మీద పెట్టగానే పెద్ద టీచరమ్మ "అబ్బ" అంది. మేస్త్రి తిప్పి చూశాడు. అంచు వంచి చూశాడు. నెత్తి మీద గుండీ దగ్గర వేలు పెట్టి చుట్టు వెంట మెల్లగా తిప్పుకుంటూ వచ్చి ఆగిపోయాడు.

"ఈ జడ ఎవరు అల్లారు?"

"నేనే."

"ఇది ఎడమచేతి వాటం మనిషి అల్లిక. మీరు ఇందాక పుస్తకంలో కుడిచేత్తో సంతకం పెట్టారు. ఇరవై రెండేళ్ళు నా ఎదురుగా కుడిచేత్తోనే సూది పట్టారు." టీచరమ్మ వైపు తిరిగి, "టోపీ బ్రహ్మాండంగా ఉందండీ. ఈవిడది కాదు" అన్నాడు.

గదిలో అందరూ నా వైపు చూశారు. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమయింది. అడ్డం వచ్చిన మోచెయ్యి, ఎదురు తిరిగిన చుట్టు, ఎన్నడూ లేనిది నువ్వు రాసిన అయిదు ముక్కల ఉత్తరం. కోపం వచ్చింది. రాలేదంటే అబద్ధం. నువ్వు ఎదురుగా ఉంటే రెండు వేసేదాన్ని.

కానీ ఆ కోపం కంటే ముందు నా చేతులు లేచాయి. "ఏడు కాడలు, ఒక తొట్టి నీళ్ళు ఇప్పించండి" అన్నాను. బడిలో గడ్డి కట్టలు ఉన్నాయి. మేస్త్రి, "సరే, అల్లండి" అన్నాడు. "నానాలి కదండీ" అన్నాను. గంటసేపు అందరం కూర్చున్నాం. టీచరమ్మ ఒకసారి గడియారం చూసింది, నేను చూడలేదు.

తర్వాత అల్లాను. ఎడమ చివరి కాడ, మీదుగా, కిందుగా, మీదుగా. కిటికీలోంచి చూస్తూ అల్లాను. మూర పొడవు అయ్యాక తెంపి ఆయన చేతికిచ్చాను. ఆయన టోపీ పక్కన పెట్టి చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"కుడిచేత్తో ఎడమ జడ," అన్నాడు. "నలభై ఏళ్ళలో చూడలేదు. ఎలా వచ్చింది?"

"రిబ్బన్లు కుట్టే చెయ్యి కదండీ," అన్నాను. "ఎటు చెబితే అటు తిరుగుతుంది."

ఆ మాట ఎవరు అందించారో తెలీదు, నా నోట్లోకి అలా వచ్చేసింది. ఆయన నవ్వాడు. ఈసారి నవ్వు వేరు. లేచి నిలబడి టోపీ రెండు చేతులా నాకు తిరిగిచ్చాడు. జూన్‌లో అన్న మాట తప్పయిందని చెప్పి, నలుగురిలో అన్నది నలుగురిలోనే వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం నాది.

మిగతాది నీ గురించి. టీచరమ్మ నాకు కాగితం ఇచ్చింది, అందులో "ఎవరి దగ్గర నేర్చుకున్నారు" అని ఒక గడి ఉంది. అప్పటికి నీ ఉత్తరం అందలేదు, అత్తయ్య సంగతి నాకు తెలీదు. అయినా ఏం రాశానో తెలుసా? "మా మరదలు. గోదాములో తూకం గుమాస్తా. ఎడమచేతి వాటం." చదివి టీచరమ్మ తల పట్టుకుంది. బడిలో మిగతా అల్లిక తరగతులకి ఏటా ముగ్గురు నలుగురు ఎడమచేతివాళ్ళు వస్తారట, నేర్పేవాళ్ళు లేక వెనక్కి పంపేస్తారట. ఈ టోపీల తరగతికి చేరిన పధ్నాలుగు మందిలో కూడా ముగ్గురున్నారు. నేను చెబుతాను, కానీ వాళ్ళకి చూపించే ఎడమ చెయ్యి కావాలి. నేనంటే ఉత్తరాలతో నేర్చుకున్నాను, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఉత్తరాలు రాయలేను కదా. అక్టోబరు రెండో వారంలో పది రోజులు రమ్మంటున్నారు. నిన్నే.

సాయంత్రం ఇంటికొచ్చి నీ ఉత్తరం చదివాను. మీ అన్నయ్యకి కూడా చదివి వినిపించాను. ఆయన ఉత్తరం తీసుకుని మళ్ళీ తనే చదివారు. తర్వాత, "అది రోజూ అల్లేది, నేను చూసేవాణ్ణి. అమ్మని ఆపాలని ఒక్కసారీ తోచలేదు" అన్నారు.

నువ్వు నాకు చెప్పాల్సింది. అది తప్పే, కాదనను. కానీ నువ్వు చెప్పి ఉంటే నేను విప్పేసేదాన్ని, అందరిలాంటి టోపీ ఒకటి పట్టుకెళ్ళేదాన్ని. నా టోపీ చూసి నాకు ఎంత గర్వంగా ఉందో, నిన్ను చూసి అంత గర్వంగా ఉంది. ఇంతకంటే తిట్టడం నాకు చేతకాదు.

వస్తున్నావా లేదా?

నీ వదిన

---

గోదాము వెనక ఇల్లు
సెప్టెంబరు 30

వదినా,

మధ్యలో ఏడవకు అన్నావు. చివరిదాకా ఆగాను.

ఈ రోజు మేనేజరుకి సెలవు చీటీ ఇచ్చాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను పెట్టిన సెలవులన్నిటికీ ఒకటే కారణం రాశాను, జ్వరం. జ్వరం లేనప్పుడు కూడా అదే. మాలాంటివాళ్ళకి ఇంకే కారణం ఉంటుంది? ఈసారి చీటీ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత కలం ఎడమచేతిలోకి మార్చి రాశాను. అక్షరాలు కోడి గీసినట్టు వచ్చాయి గాని, చదవడానికి వీలుగానే ఉన్నాయి.

మేనేజరు చదివాడు. తిరగేసి వెనక ఏమైనా ఉందేమోనని చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఇదేమిటి? 'గడ్డి అల్లిక పాఠం చెప్పడానికి' అని ఉంది. చెప్పేది ఎవరు?"

"నేనే," అన్నాను.

బస్తాలు మోసేవాళ్ళు కూడా ఆగి చూశారు. ఇంకోసారి అడిగితే బాగుండునని నిలబడ్డాను వదినా. అడిగాడు. ఇంకా గట్టిగా చెప్పాను.

నీ మరదలు